పీసీ క్యాబినెట్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సిస్టమ్ కట్టుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి నెల రోజులు చదువుతారు. క్యాబినెట్‌ని మాత్రం ఫొటో చూసి పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ తర్వాత సందేహాలు మొదలవుతాయి, అదీ స్క్రూడ్రైవర్ చేతిలో ఉన్నప్పుడు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## ఇంకా ఏదీ కొననప్పుడు

క్యాబినెట్ అంటే రేకు డబ్బానే కదా, దానికి అంత ఆలోచన దేనికి?

రేకు డబ్బానే. కాకపోతే లోపలి సామాను వేడిని బయటికి పంపే దారి కూడా అదే. ఎంత మంచి గ్రాఫిక్స్ కార్డయినా తను వదిలిన వేడి గాలినే తిరిగి పీలుస్తుంటే, ఫ్యాన్లు పూర్తి వేగంతో అరుస్తాయి, ఆ తర్వాత కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకో మాట. ప్రాసెసర్, కార్డు కొన్నేళ్లకు మారిపోతాయి. సరిగ్గా ఎంచుకున్న క్యాబినెట్ రెండు మూడు సిస్టమ్‌లను చూస్తుంది. లైట్ల కోసం కాకుండా కొలతల కోసం, గాలి దారి కోసం డబ్బు పెడితే అది వృథా కాదు.

ముందు క్యాబినెట్ కొనాలా, మిగతావి కొనాలా?

మదర్‌బోర్డు సైజు, గ్రాఫిక్స్ కార్డు పొడవు, ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ ఎత్తు: ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే క్యాబినెట్ జోలికి వెళ్లండి. డబ్బు చేతికి విడతలుగా వస్తుంది కాబట్టి ముందు క్యాబినెట్ కొనేస్తానంటే తప్పేం లేదు, కానీ కార్డు ఏదో తేలకుండా చిన్న క్యాబినెట్ మాత్రం కొనకండి. పెద్ద దాంట్లో చిన్న సామాను పెట్టొచ్చు. చిన్నదాంట్లో పెద్ద సామాను కుదరదు.

ఏటీఎక్స్, మైక్రో ఏటీఎక్స్, మినీ ఐటీఎక్స్... ఈ పేర్లు క్యాబినెట్‌వా, బోర్డువా?

బోర్డువి. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. ఫలానా బోర్డు వరకు పడుతుందని చెప్పడానికి ఈ పేర్లనే క్యాబినెట్ మీద కూడా రాస్తారు. ఏటీఎక్స్ క్యాబినెట్‌లో మిగతా రెండూ సాధారణంగా పడతాయి, ఎందుకంటే స్క్రూ రంధ్రాల స్థానాలు ఒకే ప్రమాణం నుంచి వచ్చాయి. ఈ-ఏటీఎక్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ పేరుతో అమ్మే బోర్డుల వెడల్పు 330 మిల్లీమీటర్ల వరకు ఎంతైనా ఉండొచ్చు. 'ఈ-ఏటీఎక్స్ సపోర్ట్' అని రాసి పక్కనే చిన్న అక్షరాల్లో '280 వరకు' అని రాసే క్యాబినెట్‌లు చాలా ఉన్నాయి.

మిడ్ టవర్ చాలా, ఫుల్ టవర్ తీసుకోవాలా?

పదిమందిలో తొమ్మిదిమందికి మిడ్ టవర్ చాలు. ఎక్కువ హార్డ్ డిస్కులు పెట్టేవాళ్లకు, రెండు పెద్ద రేడియేటర్లతో (నీటి వేడిని గాలికి వదిలేవి) కస్టమ్ లూప్, అంటే సొంతంగా నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు, కట్టేవాళ్లకు ఫుల్ టవర్ పనికొస్తుంది. ఈ టవర్ పేర్లకు కట్టుదిట్టమైన నిర్వచనం లేదు, కంపెనీ ఏది పెడితే అదే. అందుకే పేరు వదిలేసి పొడవు, వెడల్పు, ఎత్తు చూడండి. మూడూ సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే ఎన్ని లీటర్లో వస్తుంది. 45 × 22 × 46 అయితే దాదాపు 45 లీటర్లు, అంటే మామూలు మిడ్ టవర్.

చిన్న ఐటీఎక్స్ క్యాబినెట్ ముచ్చటగా ఉంది. మొదటి బిల్డ్‌కే అది తీసుకోవచ్చా?

ఓపిక ఉంటే తీసుకోండి. 20 లీటర్ల లోపు డబ్బాలో ప్రతి భాగం ఇంకోదాన్ని నిర్ణయిస్తుంది. చాలావాటిలో మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై పట్టదు, ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజుది కావాలి. కూలర్ ఎత్తు కొన్నిట్లో 70 మిల్లీమీటర్ల లోపే. కేబుల్ పెట్టే వరస కూడా ముందే అనుకోవాలి, ఎందుకంటే కార్డు బిగించాక వేలు దూరదు. మొదటిసారి కడుతూ 'ఒక్క సాయంత్రంలో అయిపోవాలి' అనుకునేవాళ్లకు నేనైతే వద్దనే చెబుతాను.

కార్డును బోర్డు వెనక వైపుకు తిప్పి పెట్టే రకాల్లో, కార్డును బోర్డు స్లాట్‌కు కలిపే రైజర్ కేబుల్ ఉంటుంది. అది పీసీఐఈ (ఆ స్లాట్ ప్రమాణం) 3.0ది అయ్యుండి కార్డు 4.0ది అయితే ఒక్కోసారి స్క్రీన్ మీద ఏమీ రాదు. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల మెనూ) ఆ స్లాట్‌ని జెన్ 3కి, అంటే 3.0కి, దించితే పనిచేస్తుంది. కొనేముందే రైజర్ ఏ తరానిదో చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఇంట్లో పాత క్యాబినెట్ ఉంది. అందులోనే కొత్త సిస్టమ్ కట్టొచ్చా?

ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో తెచ్చింది. బోర్డు బిగించే రంధ్రాలు ఇప్పటికీ అవే. కాబట్టి బోర్డు కూర్చుంటుంది, చిక్కులు వేరే చోట వస్తాయి. పాతవాటిలో ముందువైపు డీవీడీ డ్రైవుల అరలు, హార్డ్ డిస్కు పంజరం అడ్డంగా ఉండి పొడుగు కార్డు పట్టదు. ఫ్యాన్ల చోటు 80, 92 మిల్లీమీటర్లకే ఉంటుంది. బోర్డు వెనక కూలర్ బ్రాకెట్ అందేలా పలకకు కిటికీ ఉండదు, కాబట్టి కూలర్ మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదీయాలి. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు సిస్టమ్‌కైతే పాతది నిక్షేపంగా వాడుకోవచ్చు.

కంపెనీవాళ్లు కట్టి అమ్మిన సిస్టమ్ తాలూకు క్యాబినెట్ అయితే ఇంకో మెలిక. వాటిలో పవర్ బటన్ కనెక్టరు, కొన్నిసార్లు పవర్ సప్లై ఆకారం కూడా వాళ్ల సొంతం. మామూలు బోర్డుకు అతకవు.

## స్పెసిఫికేషన్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు

నా గ్రాఫిక్స్ కార్డు 336 మిల్లీమీటర్లు. క్యాబినెట్‌లో 360 వరకు అని రాశారు. పడుతుంది కదా?

ఆ 360 దేన్నుంచి దేనికి కొలిచారో చూడాలి. చాలా కంపెనీలు ముందు ఫ్యాన్లు లేకుండా ఖాళీ డబ్బా కొలత రాస్తాయి. ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు. అది లోపలివైపు బిగిస్తే మిగిలేది 335. మీ కార్డు 336. ఒక్క మిల్లీమీటరు తేడా, అయినా కార్డు కూర్చోదు. ముందు రేడియేటర్ కూడా పెడతానంటే 27 మిల్లీమీటర్ల రేడియేటర్, 25 ఫ్యాన్ కలిపి 52 పోతుంది, 308 మిగులుతుంది.

పొడవు సరిపోయిందని ఆగిపోకండి. ఇప్పటి పెద్ద కార్డులు మూడు స్లాట్లు (క్యాబినెట్ వెనక కార్డులు బిగించే సందులు), కొన్ని మూడున్నర తింటాయి. వెడల్పు వైపు, అంటే గాజు పలక వైపు, పవర్ కనెక్టరు పొడుచుకొస్తుంది. 16 పిన్నుల కొత్త కనెక్టరు తీగను మూతి దగ్గరే మడవకూడదు, 35 మిల్లీమీటర్లు తిన్నగా వచ్చాకే వంచమని కేబుల్ తయారీదారులు చెబుతారు. కార్డు పైఅంచు నుంచి పలకకు ఆ మాత్రం చోటు లేకపోతే గాజు మూసినప్పుడు తీగ నొక్కుకుపోతుంది. అలా నొక్కి మూసేస్తే కనెక్టరు సగం వదులై వేడెక్కే ప్రమాదం ఉంది. కార్డు వెడల్పుకు కనీసం 40 మిల్లీమీటర్లు కలిపి చూసుకోండి.

కూలర్ ఎత్తు 165, క్యాబినెట్‌లో 163 అన్నారు. రెండు మిల్లీమీటర్లే కదా, సర్దుకోదా?

సర్దుకోదు. నేను ఇదే లెక్క వేసుకుని ఒకసారి కట్టాను. అన్నీ బిగించి, తీగలన్నీ ముచ్చటగా కట్టి, చివర్లో గాజు పలక పెడితే కూలర్ హీట్‌పైపుల కొసలు గాజును తాకాయి. కింది అంచు గాడిలో కూర్చుంది, పై అంచు కాస్త బయటే ఉండిపోయింది. నొక్కుదామా అని చెయ్యి వేసి, గాజు కదా అని వెనక్కి తీసుకున్నాను. రెండు వారాలు పలక లేకుండానే వాడి, చివరికి పొట్టి కూలర్ కొన్నాను. పెద్ద టవర్ కూలర్లు 155 నుంచి 168 దాకా ఉంటాయి. కూలర్ ఎత్తు కంటే క్యాబినెట్ కొలత కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఎత్తైన ర్యామ్ మీదుగా కూలర్ ఫ్యాన్ వస్తే ఆ ఫ్యాన్‌ని పైకి జరపాలి, అప్పుడు ఎత్తు ఇంకాస్త పెరుగుతుంది. ఆ లెక్క కూడా కలుపుకోండి.

'360 రేడియేటర్ సపోర్ట్' అని ఉంటే పైన పెట్టొచ్చా?

ఎక్కడ అన్నది విడిగా చదవండి. ముందు 360, పైన 240 మాత్రమే ఇచ్చే క్యాబినెట్‌లు బోలెడు. పైన చోటు ఉందన్నా, రేడియేటర్, ఫ్యాన్ కలిపి దాదాపు 52 మిల్లీమీటర్ల దళసరి కిందికి దిగుతుంది. అక్కడ బోర్డు పైఅంచున ఉండే హీట్‌సింకులు (వేడి లాగే లోహపు దిమ్మలు), లైట్లున్న పొడుగు ర్యామ్ అడ్డొస్తాయి. మంచి డిజైన్లలో ఫ్యాన్ రంధ్రాలను బోర్డుకు దూరంగా, గాజు వైపుకు జరిపి పెడతారు. ఇంకోటి, 360 అన్నది మూడు 120 ఫ్యాన్ల లెక్క. అసలు రేడియేటర్ పొడవు 390 మిల్లీమీటర్ల పైనే, రెండు కొసల్లో నీళ్ల ట్యాంకులు ఉంటాయి కాబట్టి.

పవర్ సప్లైకి కూడా కొలతలు చూడాలా?

ఏటీఎక్స్ పవర్ సప్లై వెడల్పు 150, ఎత్తు 86, ఇవి మారవు. లోతు మాత్రం 140 నుంచి 180 పైదాకా ఉంటుంది. మాడ్యులర్ రకమైతే (తీగలు విడిగా గుచ్చుకునేది) తీగలు గుచ్చి వంచడానికి ఇంకో 50 మిల్లీమీటర్లు వేసుకోండి. కింది అరలో హార్డ్ డిస్కు పంజరం ఉంటే అక్కడే ఇరుకు వస్తుంది. స్క్రూలు విప్పి ఆ పంజరాన్ని జరిపే వీలుందా అన్నది చూడదగ్గ విషయం. రివెట్లు కొట్టి ఉంటే కదలదు.

ముందు పోర్టుల్లో టైప్-సీ ఉంది కాబట్టి అది తీసుకోనా?

మీ బోర్డు మీద దానికి హెడర్ (తీగ గుచ్చే సాకెట్) ఉందో లేదో ముందు చూడండి. ముందువైపు టైప్-సీకి చదరపు మూతి ఉన్న ప్రత్యేక సాకెట్ కావాలి. తక్కువ తరగతి బోర్డుల్లో చాలావాటికి అది ఉండదు. అప్పుడు ఆ టైప్-సీ రంధ్రం అలంకారమే. మామూలు నీలం యూఎస్‌బీ 3.0 పోర్టులకు 19 పిన్నుల వెడల్పాటి కనెక్టరు ఉంటుంది, ఒక్కదానితో రెండు పోర్టులు వస్తాయి. అది గుచ్చేటప్పుడు వంకరగా తోస్తే పిన్నులు వంగుతాయి, బోర్డు వైపు పిన్నులు కాబట్టి నష్టం పెద్దదే.

పోర్టులు పైన ఉన్నాయా, పక్కన ఉన్నాయా, కింద ఉన్నాయా అన్నది మీరు క్యాబినెట్ ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి చూడండి. నేల మీద పెట్టేవాళ్లకు పైన ఉంటే సుఖం, కానీ దుమ్ము వాటిలోనే పడుతుంది.

రేకు మందం ఎంత ఉండాలి?

చవకవాటిలో 0.5 మిల్లీమీటర్లు, మంచివాటిలో 0.7 నుంచి 1 దాకా. అంకె కన్నా చేతి పరీక్ష నమ్మకం: పక్క పలక తీసేసి, ఖాళీ చట్రాన్ని పైన రెండు మూలల దగ్గర పట్టుకుని మెలిపెట్టినట్టు కదపండి. సొట్టపోయే చప్పుడు వస్తే, బరువైన కార్డు పెట్టాక స్లాట్ల దగ్గర వంగుతుంది. స్లాట్ల మూతలు కూడా చూడండి. స్క్రూతో తీసి మళ్లీ పెట్టుకునేవి మంచివి. వంచి విరగ్గొట్టేవైతే ఒకసారికే, పైగా అంచులు చెయ్యి కోస్తాయి.

హార్డ్ డిస్కులకు ఎన్ని అరలు కావాలి?

బోర్డు మీదే గుచ్చే ఎం.2 డ్రైవు ఒక్కటే వాడితే, ఒక్కటీ అక్కర్లేదు. 3.5 అంగుళాల డిస్కులు పెడితే రబ్బరు బుడిపెలున్న అర చూడండి. లేకపోతే రాత్రి నిశ్శబ్దంలో రేకంతా సన్నగా ఝుంకరిస్తుంది.

## గాలి, దుమ్ము, శబ్దం

ముందు గాజుదా, జాలీదా?

జాలీదే. ఇందులో నాకు రెండో మాట లేదు. ముందు మొత్తం గాజు పెట్టి, పక్కన వేలు దూరని సందు ఒదిలితే, లోపల మూడు ఫ్యాన్లున్నా అవి లాగడానికి గాలే ఉండదు. ముక్కు మూసుకుని పరిగెత్తినట్టు ఉంటుంది. గాజు ముఖం అందమే కావాలంటే, పక్కల సందు పొడవంతా కనీసం 15-20 మిల్లీమీటర్లు ఉందో లేదో చూడండి. జాలీలో కూడా తేడాలున్నాయి. దీపం ముందు పట్టుకుంటే అవతలి వెలుగు బాగా కనిపించాలి. చుక్క చుక్క రంధ్రాలుండి మధ్యలో రేకే ఎక్కువ ఉంటే అది పేరుకే జాలీ. దాని వెనక మళ్లీ దట్టమైన నైలాన్ వల వేస్తే రెండు గోడలు కట్టినట్టే.

రెండు పక్కలా గాజున్న అక్వేరియం రకం క్యాబినెట్‌లలో ముందు నుంచి గాలే రాదు కదా, ఎలా చల్లబడతాయి?

వాటిలో గాలి దారి వేరు. కింద నుంచి, పక్క నుంచి లోపలికి, పై నుంచి వెనక నుంచి బయటికి. కింద ఫ్యాన్లు పెడితే గాలి నేరుగా గ్రాఫిక్స్ కార్డుకు తగులుతుంది కాబట్టి కార్డుకు నిజంగా మేలే. కింద ఫ్యాన్లు లేకుండా ఖాళీగా వదిలేస్తే మాత్రం అది అక్షరాలా గాజు డబ్బా. ఇవి కొనేవాళ్లు ఫ్యాన్ల ఖర్చు విడిగా లెక్కేసుకోవాలి, ఎందుకంటే ఈ రకాలు చాలావరకు ఫ్యాన్లు లేకుండానే వస్తాయి. పవర్ సప్లైని బోర్డు వెనక గదిలో పెడతారు కాబట్టి వెడల్పు ఎక్కువ, టేబుల్ కొలుచుకోండి.

ఎన్ని ఫ్యాన్లు పెట్టాలి?

ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. మామూలు గేమింగ్ సిస్టమ్‌కు ఇదే మొదలు. ఇక్కణ్నుంచి ఒక్కో ఫ్యాన్ పెంచే కొద్దీ వచ్చే లాభం తగ్గుతూ పోతుంది. ఏడో ఫ్యాన్, ఎనిమిదో ఫ్యాన్ చాలావరకు కళ్లకే. సంఖ్య కన్నా సైజు మేలు: 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ చట్రం విస్తీర్ణం 120 దాని కంటే దాదాపు 36 శాతం ఎక్కువ, కాబట్టి నెమ్మదిగా తిరిగి అంతే గాలి ఇస్తుంది. ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం లెక్క ప్రకారం 15 డెసిబెల్స్ పడిపోతుంది.

ఫ్యాన్ ఎటు లాగుతోందో ఎలా తెలుస్తుంది?

అడ్డ పుల్లలు, స్టిక్కరు ఉన్న వైపుకు గాలి బయటికి వస్తుంది. రెక్కలు తెరుచుకుని కనిపించే వైపు నుంచి లోపలికి వెళ్తుంది. రెక్కలు తలకిందులు చేసిన రివర్స్ ఫ్యాన్లు ఇప్పుడు అమ్ముతున్నారు, వాటికి మాత్రం ఇది వ్యతిరేకం. అనుమానముంటే చిన్న టిష్యూ కాగితం ముక్కను దగ్గర పెట్టండి. అతుక్కుంటే లాగుతున్నట్టు, ఎగిరితే తోస్తున్నట్టు.

పాజిటివ్ ప్రెషర్ అంటారు, అది నిజంగా పనిచేస్తుందా?

దుమ్ము విషయంలో పనిచేస్తుంది. లోపలికి వచ్చే గాలి బయటికి వెళ్లేదాని కంటే ఎక్కువైతే, మిగిలింది స్లాట్ల సందుల నుంచి, స్క్రూ రంధ్రాల నుంచి బయటికే పోతుంది. బయటికి లాగేది ఎక్కువైతే అవే సందుల నుంచి దుమ్ము లోపలికి వస్తుంది, అక్కడ వడకట్టే ఫిల్టర్ ఉండదు మరి. ఉష్ణోగ్రతల్లో తేడా చిన్నదే. ముందు ఫ్యాన్లకు ఫిల్టర్ ఉండి లాగేవి రెండు, తోసేది ఒకటి ఉంటే ఇంకేం లెక్కలు వేయనక్కర్లేదు.

డస్ట్ ఫిల్టర్ ఉంటే చాలా, ఇంకేం చూడాలి?

తీయడం ఎంత తేలికో చూడాలి. పవర్ సప్లై కింది ఫిల్టర్ వెనక నుంచి లాగేదైతే, దాన్ని తీయాలంటే క్యాబినెట్‌ని గోడ నుంచి జరపాలి, తీగలు పీకాలి. అప్పుడు ఏడాదికోసారి కూడా తీయరు. ముందుకో పక్కకో జారేది అయితే పది రోజులకోసారి తీసి దులుపుతారు. నా ఓటు దానికే.

సైలెంట్ అని అమ్మేవి నిజంగా నిశ్శబ్దంగా ఉంటాయా?

వాటిలో పలకల లోపల దళసరి నురుగు అతికిస్తారు, ముందు భాగం మూసేస్తారు. సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు, హార్డ్ డిస్కు టకటకలు వినపడకుండా బాగానే ఆపుతాయి. బరువైన పని పడగానే గాలి చాలక ఫ్యాన్లు వేగం పెంచుతాయి, అప్పుడు ఆ నురుగు గెలవలేదు. గేమింగ్‌కైతే జాలీ క్యాబినెట్‌లో ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పడమే నిశ్శబ్దానికి దగ్గరి దారి. రికార్డింగ్ గదిలో తేలికపాటి సిస్టమ్‌కు సైలెంట్ రకం బాగుంటుంది.

ఫ్యాన్లు ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిరుగుతున్నాయి, ఎందుకు?

అవి పవర్ సప్లై తీగకు, పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్‌కు, నేరుగా కలిపి ఉంటాయి. అక్కడ ఎప్పుడూ 12 వోల్టులే, వేగం తగ్గించే దారి లేదు. చవక క్యాబినెట్‌లతో వచ్చే ఫ్యాన్లు చాలావరకు ఇంతే. బోర్డుకు గుచ్చే చిన్న కనెక్టరు మూడు పిన్నులైతే వోల్టేజి తగ్గించి, నాలుగైతే పీడబ్ల్యూఎం అనే వేగ నియంత్రణ సంకేతంతో వేగం మారుస్తారు. బోర్డు మీద ఒక్కో ఫ్యాన్ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ వరకే ఇస్తుంది కాబట్టి ఒకదానికే ఐదారు ఫ్యాన్లు తగిలించకండి. పవర్ సప్లై సాటా తీగ నుంచి కరెంటు తీసుకుని చాలా ఫ్యాన్లకు పంచే హబ్ ఉన్న క్యాబినెట్ అయితే ఆ బాధ లేదు.

లైట్ల కనెక్టర్లలో ఏఆర్‌జీబీ, ఆర్‌జీబీ ఒకటేనా?

కాదు. ఏఆర్‌జీబీ 5 వోల్టులు, మూడు పిన్నులు. ఆర్‌జీబీ 12 వోల్టులు, నాలుగు పిన్నులు. 5 వోల్టుల దాన్ని బలవంతంగా 12 మీద గుచ్చితే లైట్లు అక్కడికక్కడే పోతాయి.

## డబ్బా ఇంటికొచ్చాక

విప్పగానే ఏమేం చూసుకోవాలి?

గాజు ముందు, సొట్టలు తర్వాత, స్క్రూల సంచి ఆ తర్వాత. స్క్రూల సంచి చాలావరకు హార్డ్ డిస్కు అరలోనో, పవర్ సప్లై గదిలోనో కట్టి పెడతారు. లేదనుకుని గొడవపడేముందు అక్కడ వెతకండి. ముందు పోర్టుల తీగలు పట్టుకుని అన్నీ ఉన్నాయా, ఎక్కడైనా నలిగాయా అని చూడండి. సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూడండి. ఊగుతుంటే చట్రం మెలిపడినట్టు, అలాంటిదాంట్లో బోర్డు రంధ్రాలు కుదరవు. సామాను బిగించకముందే వెనక్కి పంపేయండి.

గాజు పలక ఎందుకు ఊరికే పగిలిపోతుంది?

ఊరికే పగలదు, నేల టైల్స్ మీద పగులుతుంది. టెంపర్డ్ గాజు మధ్యలో గట్టిది, అంచులు బలహీనం. పింగాణీ టైల్ గాజు కన్నా గట్టిది. పలక అంచును దాని మీద మెల్లగా ఆనించినా చాలు, ఒక మూల తగిలి మొత్తం జొన్న గింజలంత ముక్కలవుతుంది. తీసిన వెంటనే మంచం మీదో మడిచిన దుప్పటి మీదో పడుకోబెట్టండి. నిలబెట్టకండి. స్క్రూలతో ఉన్న గాజైతే నాలుగూ విప్పేవరకు అరచెయ్యి పలక మీదే ఉంచండి.

స్టాండాఫ్‌లు అంటే ఏమిటి, అన్నీ బిగించాలా?

బోర్డు రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న ఇత్తడి కాళ్లు. మీ బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి. ఏటీఎక్స్ బోర్డుకు సాధారణంగా తొమ్మిది, మైక్రో ఏటీఎక్స్‌కు ఆరు నుంచి ఎనిమిది. ఎక్కువ బిగించడం తక్కువ బిగించడం కన్నా ప్రమాదం: బోర్డుకు రంధ్రం లేని చోట మిగిలిపోయిన స్టాండాఫ్ వెనక టంకాలకు తగిలి షార్ట్ చేస్తుంది. బోర్డు పెట్టేముందు రంధ్రాలు, కాళ్లు వేలితో లెక్కపెట్టండి.

వెనక పలక మూసుకోవడం లేదు, ఉబ్బుగా ఉంది. ఏం చేయాలి?

బోర్డుకు కరెంటిచ్చే 24 పిన్నుల లావు తీగ మీదుగా ఇంకేదైనా తీగ వెళ్తోందేమో చూడండి. దాదాపు ప్రతిసారీ దోషం అక్కడే. తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే పరవాలి. లావు తీగను ముందువైపు లోతైన గాడిలో వేసి, ఫ్యాన్ తీగల్లాంటి సన్నవాటిని పలక మధ్యలో కట్టండి. మిగులు తీగంతా పవర్ సప్లై గదిలోకి తోసేయండి, అక్కడ ఎవరూ చూడరు. కొనేముందు చూసుకోవాల్సిన కొలత: బోర్డు పలక వెనక 20 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ఇబ్బంది, 25 ఉంటే హాయి.

అన్నీ కలిపాను, పవర్ బటన్ నొక్కితే చలనం లేదు. క్యాబినెట్ పాడైందా?

స్విచ్ తీగ తప్పు పిన్నుల మీద ఉండొచ్చు. దాన్ని పీకేసి, బోర్డు పుస్తకంలో పవర్ స్విచ్ అని చూపించిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. సిస్టమ్ లేస్తే బటనో తీగో లోపం, లేవకపోతే క్యాబినెట్‌ది కాదు. స్విచ్‌కు ప్లస్, మైనస్ లేవు, ఎటు గుచ్చినా ఒకటే. లైట్లకు మాత్రం ఉన్నాయి. తిరగేస్తే కాలిపోవు, వెలగవంతే.

## వాడుకలో

వేడి ఎక్కువగా ఉంది. తప్పు క్యాబినెట్‌దేనా, కూలర్‌దా?

పక్క పలక తీసి తేల్చుకోవచ్చు. ఒకే గేమ్‌ను అరగంట ఆడి ఉష్ణోగ్రతలు రాసుకోండి. పలక తీసేసి, గది వేడి మారకముందే మళ్లీ అరగంట. నా అనుభవంలో తేడా మూడు నాలుగు డిగ్రీలైతే క్యాబినెట్ బాగానే ఊపిరి తీసుకుంటోంది, కూలర్ పేస్టు (కూలర్‌కు, ప్రాసెసర్‌కు మధ్య పూసేది) వైపు చూడాలి. పది దాటితే డబ్బాకి గాలి ఆడటం లేదు. అప్పుడు ముందు పలక కూడా తీసి చూడండి. దానితోనే సమస్య తీరిపోతే కొత్త ఫ్యాన్లు దండగ, ఉన్న ఫ్యాన్లకు దారి ఇవ్వాలి. పలక తీసేసే వాడుకోవచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, కానీ ఫిల్టర్లన్నీ వృథా అవుతాయి.

క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జిల్లుమంటోంది. ప్రమాదమా?

ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. పవర్ సప్లైలో విద్యుత్ రొదను వడకట్టే కెపాసిటర్లు రెండు తీగల నుంచీ లోహపు ఒంటికి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సరఫరా వోల్టేజిలో దాదాపు సగం నిలబడుతుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఆగుతుంది, కానీ పవర్ సప్లైలో ఇంకేదైనా లోపం వచ్చిన రోజు కాపాడేది ఆ ఎర్తే. క్యాబినెట్ మార్చి లాభం లేదు, ప్లగ్ పాయింటు ఎర్త్‌ని ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మూడో పిన్ను విరగ్గొట్టి వాడటం మాత్రం వద్దు.

ఒక వేగం దగ్గర మాత్రమే గుర్రుమని చప్పుడు వస్తోంది.

రేకు ప్రతిధ్వని. చప్పుడు వస్తున్నప్పుడు పలకల మీద ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించండి, ఏది పట్టుకుంటే ఆగుతుందో దాని స్క్రూ బిగించండి, లేదా అంచున సన్నని నురుగు టేపు వేయండి. అదీ కుదరకపోతే బయోస్‌లో ఫ్యాన్ ఆ వేగం దగ్గర నిలబడకుండా కాస్త పైకో కిందికో మార్చుకోండి.

ఎలా శుభ్రం చేయాలి?

సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, బయటికి తీసుకెళ్లి ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గాలి దెబ్బకు మామూలు కన్నా వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. నైలాన్ ఫిల్టర్లు కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

కింద పెట్టాలా, టేబుల్ మీద పెట్టాలా?

చోటుంటే టేబుల్ మీద. నేల మీదైతే తివాచీ మీద నేరుగా వద్దు, పవర్ సప్లై కింది నుంచే గాలి పీలుస్తుంది కదా, ఓ చెక్క పలక వేయండి. వెనక గోడకు జానెడు వదలండి. టేబుల్ కింద మూసిన అరలో తోసి తలుపు వేస్తానంటే, ఆ తలుపు తీసేసుకుని మరీ పెట్టండి.